ఉప్పు తాగని రీలు

తూనికలు–కొలతల ఆఫీసు,
మొదటి అంతస్తు, కిటికీ పక్క బల్ల

బావమరిదికి,

ఇక్కడ అందరం క్షేమం. ఇంటి నుంచి కాకుండా ఆఫీసు నుంచి రాస్తున్నానేమిటని ఆశ్చర్యపోకు. జవాబు కూడా ఆఫీసుకే రాయి. పెద్ద కారణమేమీ లేదు. నీ ఓడ మీద ఫోను ఎప్పుడు పలుకుతుందో ఎవరికీ తెలియదు కనక ఉత్తరమే నయమనుకున్నాను.

ఒక సలహా కావాలి. మా ఆఫీసులో ఒకాయన సముద్రంలో చేపలు పట్టే రీలు, అదే, గాలం రాడ్డుకు బిగించి దారం చుట్టే మర, కొనాలనుకుంటున్నాడు. నిజం ఎర పెట్టి కూర్చునే రకం కాదు. రంగురంగుల ఉత్తుత్తి చేపను విసరడం, లాక్కోవడం, మళ్ళీ విసరడం. మీ అక్కా నువ్వూ చేసే పనే. నాకు ఆ విద్యలో ఓనమాలు కూడా రావు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో సముద్రపు రాళ్ళకట్ట మీద గొడుగు కింద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పొయ్యడమే నా వాటా.

నిన్న సాయంత్రం షాపుకు వెళ్ళాను. అద్దాల అల్మరా నిండా రీళ్ళే. నా కంటికి అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. అన్నిటికంటే తేలికైనది ఏదని అడిగాను. షాపువాడు ఎదురు ప్రశ్నలు నాలుగు వేశాడు. ఆ ప్రశ్నలే అర్థం కాక బయటికొచ్చేశాను.

తేలికైనదీ, మన్నేదీ, ఏదో ఒకటి చెప్పు.

మీ బావ


ఇసుక తోడే ఓడ,
ఇంజను గది పైమెట్టు

మహారాజశ్రీ బావగారికి,

పిల్లి ఈత నేర్చుకుంటానందట, అలా ఉంది నీ ఉత్తరం! నువ్వు రీలు గురించి అడగడమేమిటి బావా! ఇంజను గదిలో అందరికీ చదివి వినిపించాను.

సరే, మీ ఆఫీసాయనకు చెప్పు. తేలికా బరువూ తర్వాత, ముందు ఉప్పు సంగతి చూసుకోవాలి. సముద్రపు నీళ్ళు ఇనుమును ఎలా తింటాయో నేను రోజూ చూస్తున్నాను. చెరువుకు కొనే రీలు సముద్రానికి తీసుకెళ్తే నెల తిరక్కుండా లోపల పళ్ళన్నీ తుప్పు పట్టి కరకరమంటాయి. కాబట్టి ఉప్పు తాగని రీలు కొనాలి. అంటే, ఒంటి చుట్టూ రబ్బరు పట్టీలు బిగించి నీళ్ళు లోపలికి పోకుండా చేసింది. డ్రాగ్ కూడా అలాగే ఉండాలి. డ్రాగ్ అంటే చేప గుంజినప్పుడు దారాన్ని బిగువుగా, తెగకుండా వదిలే మర. అది మెత్తగా వదలాలి. కుదుపుతో వదిలిందా, దారం పుటుక్కుమంటుంది, చేపకు దణ్ణం పెట్టి ఇంటికి రావడమే. షాపువాడు బేరింగుల లెక్క చెప్పి ఊదరగొడతాడు, ఆ మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్.

మిగతాది చెప్పాలంటే ఆయన రాడ్డు పొడవెంతో, ఎక్కడ నిలబడతాడో, ఏ చేత్తో తిప్పుతాడో రాయి.

ఇంతకీ అక్క సంగతేమిటి? నేను పేజీలు పేజీలు రాస్తుంటే తను కార్డు మీద నాలుగు ముక్కలు రాస్తోంది. అవి కూడా కోడి గెలికినట్టున్నాయి. ఈసారి చేపల సీజనుకు రాదట. కళ్ళజోళ్ళ షాపులో పని ఎక్కువట! జ్వరంతో కూడా వచ్చిన మనిషి బావా అది. తన చేపను ఇంకొకళ్ళ వల తాకనివ్వదు, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని ఇంకో చేత్తో తనే పిడి ఉన్న వల కిందికి పెట్టి ఎత్తుకుంటుంది. నేను సాయం వెళ్తే మోచేత్తో తోసేసేది. అలాంటిది రానంటే నమ్మమంటావా?

కిందటి సీజనుకు వస్తానని చెప్పి రాలేదని కోపమా? ఓడను రేవుకు రానివ్వకుండా ఆపేశారు, నేనేం చెయ్యను? ఏడాదికోసారి ఆ రాళ్ళకట్ట మీదే మేమిద్దరం నోరారా మాట్లాడుకునేది. అది కూడా పోతే నాకు అక్క ఉన్నట్టా, లేనట్టా? మెల్లగా కనుక్కుని రాయి.

నీ బావమరిది


తూనికలు–కొలతల ఆఫీసు

బావమరిదికి,

ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు.

రాడ్డును టేపుతో కొలిచాను. తొమ్మిదడుగుల పైచిలుకు. చెయ్యి పట్టుకునే చోట పచ్చ టేపు చుట్టి ఉంది, అది నీకు అవసరమో కాదో తెలియదు. మనిషి నిలబడేది రాళ్ళకట్ట మీద. ఎడమచేత్తో రాడ్డు పట్టుకుని కుడిచేత్తో తిప్పాలి.

ఇక్కడే చిక్కొచ్చింది. ఈ ఊళ్ళో ఏ షాపులో చూసినా రీలుకు హ్యాండిల్ ఎడమవైపే ఉంది. కుడివైపు హ్యాండిల్ ఉన్న రీలు కావాలని తిరగని షాపు లేదు. ఒకతను నన్ను ఎగాదిగా చూసి, "మీరు కొంటారా, ఊరికే అడుగుతున్నారా?" అన్నాడు. ఇంకొకతను నవ్వాపుకోవడానికి లోపలికి వెళ్ళాడు. అలాంటివి ఏ కంపెనీ చేస్తుందో నీకు తెలిస్తే రాయి, తెప్పిస్తాను.

ఉప్పు సంగతి అర్థమైంది. తేలికగా ఉండాలన్న దాంట్లో మాత్రం బేరం లేదు. ఎంత తేలికైతే అంత మంచిది.

మీ అక్కకు నీ మీద కోపం లేదు. అది మాత్రం నిజం.

మీ బావ


ఇసుక తోడే ఓడ

బావా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. "అది మాత్రం నిజం" అని రాశావు. అంటే మిగతాదంతా?

ఆ పచ్చ టేపు చుట్టింది నేను. ఓడ మీద కరెంటు తీగలకు చుట్టేది, అక్క కోసం పట్టుకొచ్చాను. చివర అంటుకోకపోతే మీ ఇంట్లో, మీ హాల్లో కూర్చుని అక్క గోళ్ళరంగు పూసి అంటించాను. వెళ్ళి చూడు, చివర ఎర్రగా ఉంటుంది. మీ ఆఫీసాయన రాడ్డుకు మా అక్క గోళ్ళరంగు ఎలా అంటింది బావా?

ఇంకోటి విను. ప్రపంచంలో ఇలాంటి ఏ రీలు హ్యాండిలైనా అటుదిటూ ఇటుదటూ మారుతుంది. ఒకవైపు మర విప్పి హ్యాండిల్ ఊడదీసి రెండోవైపు బిగించడమే. సీసా మూత తీసినంత పని. దానికోసం ఊరంతా తిరిగావా! ఇంకో రోజైతే కడుపు పట్టుకుని నవ్వేవాణ్ణి. నవ్వు రావడం లేదు.

ఎందుకంటే మా అక్క బుద్ధెరిగినప్పటి నుంచీ కుడిచేత్తో విసిరింది, ఎడమచేత్తో తిప్పింది. ఇప్పుడు చేతులు మారాల్సిన అవసరమేమొచ్చింది? కార్డు మీద ఆ కోడిగెలుకుడు రాత ఏమిటి? అక్క కుడిచేతికి ఏమైంది?

చెవిలో పువ్వులు పెట్టడం ఆపి ఉన్నదున్నట్టు రాయి. రాయకపోతే ఓడ దిగి వచ్చేస్తాను, ఉద్యోగం పోతే పోనీ.


తూనికలు–కొలతల ఆఫీసు

బావమరిదికి,

టేపు చివర ఎర్రగానే ఉంది.

నీకు చెప్పనని మీ అక్కకు మాటిచ్చాను. నువ్వే కనిపెట్టావు కాబట్టి మాట తప్పినట్టు కాదని నా వాదన. ఆమె ఒప్పుకోదని తెలుసు.

కిందటి సీజనుకు నువ్వు రావడం లేదని కబురందాక ఒక్కతే వెళ్ళింది. నాకా రోజు మార్కెట్టులో త్రాసుల తనిఖీ ఉంది. రాళ్ళకట్ట చివర పాచి పట్టిన రాయి మీద కాలు జారింది. కుడిచెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు రెండుచోట్ల విరిగింది. రీలు రాళ్ళ సందులో పడి పగిలిపోయింది. రాడ్డుకు గీత కూడా పడలేదు. ఆస్పత్రిలో లోపల స్టీలు పలక వేశారు. ఎముక అతికింది కానీ మణికట్టు పూర్తిగా తిరగదు, ఇకముందు కూడా ఇంతేనట. మోచెయ్యీ భుజమూ బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు.

కళ్ళజోళ్ళ షాపులో ఆమెను అద్దాలు అరగదీసే మిషను దగ్గర నుంచి తీసి కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళకు ఫ్రేములు చూపిస్తుంది. ఎవరూ రానప్పుడు అద్దం తుడుస్తుంది. నేనొకసారి వీధి అవతల నుంచి చూశాను. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తోంది.

నీకెందుకు చెప్పొద్దంటే, "నేను వచ్చి ఉంటే అనుకుంటాడు వాడు. ఒకసారి మొదలుపెట్టాడంటే బతికున్నన్నాళ్ళూ అనుకుంటూనే ఉంటాడు" అంది.

రాడ్డు ఎప్పుడూ మా పడకగది తలుపు వెనక ఉండేది. రెండు నెలల కిందట దాన్ని అటక మీదికి ఎక్కించింది. ఎక్కిస్తూ "ఇక చాల్లే" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. ఒక్క రీలుతో మనిషి మారిపోతుందని నేననుకోవడం లేదు. కాకపోతే నాకు ఇంకేమీ తోచలేదు. చెయ్యి మార్చుకుంటే, రీలు తేలికైనదైతే, మళ్ళీ వెళ్తుందేమో.

మీ బావ


ఇసుక తోడే ఓడ

బావా,

నీ ఉత్తరం ఇంజను గదిలోనే చదివాను. ఆ మోతలో ఎవరికీ వినపడదు కనక ఏడ్చాను. దాచుకోవడానికేముంది.

నేను వచ్చి ఉంటే, అనుకుంటున్నాను. అక్కకు నా సంగతి బాగానే తెలుసు.

నాకు తెలిసిపోయినట్టు తనకు తెలియనివ్వనులే. రీలు సంగతి రాస్తాను, అదైనా సరిగ్గా చేద్దాం. నాలుగువేల సైజుది తీసుకో. ఆ అంకె పెట్టె మీదే ఉంటుంది. ఉప్పు తాగనిదే కావాలి. గేరు నెమ్మదిదై ఉండాలి. వేగం గేరు ఒక్కో తిప్పుకు ఎక్కువ దారం చుట్టుకుంటుంది, కానీ బరువుగా తిరుగుతుంది, అక్క చేతికి పనికిరాదు. తిప్పే పిడి సన్నగా కాకుండా అరచేతి నిండా పట్టే గుండ్రటి బుడిపెలా ఉండాలి. అప్పుడు మణికట్టుతో పని లేకుండా మోచేత్తో తిప్పొచ్చు.

తేలిక తేలిక అని చిన్నది మాత్రం కొనకు. నీకు తెలియదు, నా మాట విను. కొనే ముందు ఒక ముక్క రాయి.


తూనికలు–కొలతల ఆఫీసు

బావమరిదికి,

నీ ఉత్తరం అందేసరికే కొనేశాను. ఆలస్యం చేస్తే సీజను దాటిపోతుందనుకున్నాను.

పద్ధతిగానే కొన్నాను. ఆఫీసు నుంచి చిన్న త్రాసు తీసుకెళ్ళి, అల్మరాలో ఉన్న రీళ్ళన్నీ దింపించి వరసగా తూచాను. షాపువాడు తనిఖీ అనుకుని హడలిపోయి కాఫీ తెప్పించాడు. కాదంటే నమ్మడు. అన్నిటికంటే తేలికగా తూగినదాన్ని తీసుకున్నాను. ఉప్పు తాగనిదే, ఆ మాట తప్పలేదు. సైజు రెండున్నరవేలు. చేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. హ్యాండిల్ నేనే విప్పి కుడివైపు బిగించాను.

నిన్న ఆమె చేతికిచ్చాను. ఏమిటని కూడా అడగలేదు. అటక మీది రాడ్డు తనే దింపింది. రీలు బిగించి హాలు మధ్యలో నిలబడి ఎడమచేత్తో ఎత్తింది. కొస నేలవైపు వాలింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ వాలింది. కాసేపటికి ఆ చెయ్యి కూడా దించేసింది. విరిగిన చెయ్యి కాదు, మంచి చెయ్యి.

"షాపులో అన్నిటికంటే తేలికైనది ఇదేనా?" అంది.

అవునన్నాను. కాస్త గొప్పగానే అన్నాను.

"ఇదే మొయ్యలేకపోతే ఇంకేం మోస్తాను" అని రీలు విప్పి, పెట్టెలో దూదిపింజెలా పెట్టి, మూత వేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఆ నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి.

ఎక్కడ తప్పు జరిగిందో నాకు తెలియలేదు. తూకం మాత్రం సరైనదే.

మీ బావ


ఇసుక తోడే ఓడ

బావా బావా బావా,

ఊరందరి త్రాసుల్లో తప్పులు పట్టేవాడివి, నీ ఇంట్లో త్రాసు నీకు కనపడలేదా! రాడ్డంటే ఏమిటనుకున్నావు? త్రాసు కోలే. అక్క గుప్పిట దాని ఇరుసు. గుప్పిటకు అవతల ఎనిమిదడుగుల కొస, ఇవతల జానెడు పిడీ నీ దూదిపింజె రీలూ. కొసవైపు మొగ్గక ఏంచేస్తుంది? చెయ్యి మోసేది రీలును కాదు, ఆ కొసను. గుప్పిటకు ఇవతల సరిపడా బరువుంటే కొస దానంతటదే లేస్తుంది. నువ్వు రీలును ఒక్కదాన్నే తూచావు. రాడ్డుకు బిగించి వేలి మీద నిలబెట్టి చూడాల్సింది. ఇది నీ ఉద్యోగం బావా!

చిన్నది కొనకన్నది ఇందుకే. ఎందుకో విడమరిచి రాయకపోవడం నా బుద్ధితక్కువ.

ఇప్పుడు అక్క ఏమనుకుంటోందో చూడు. లోకంలో ఉన్న తేలికైన రీలే మొయ్యలేకపోయాను, నా పని అయిపోయింది అనుకుంటోంది. అది అలా తన మనసులో గడ్డకట్టకముందే కదులు. నాలుగువేల సైజుది తెచ్చి, రెండు రీళ్ళకూ ఒంటి చుట్టూ కాగితం చుట్టెయ్. ఏది బరువో చెప్పకు. నీ ముఖం చూసి కనిపెడుతుందన్న భయం లేదు, దాన్లో ఎప్పుడూ ఏమీ కనపడదు కదా. ఒకదాని తర్వాత ఒకటి బిగించి ఇచ్చి, నీ చేతికి ఏది తేలికగా ఉందని అడుగు. అంతే. బతిమాలకు, ఉపదేశాలివ్వకు.

నేను కూడా నా రీలు హ్యాండిల్ కుడికి మార్చేశాను. సాయంత్రం పని దిగాక ఓడ వెనక్కి వెళ్ళి ఎడమచేత్తో విసురుతున్నాను. మొన్న గాలం వెళ్ళి మా వంటవాడి టోపీకి తగులుకుంది. వాడు తిట్టిన తిట్లు రాస్తే ఉత్తరం బరువెక్కి స్టాంపులు చాలవు. అక్కతో సమానంగా చేతకానివాణ్ణయి ఈ సీజనుకు వస్తాను. ఓడ ఆపినా సరే, ఈదుకుంటూ వస్తాను.


తూనికలు–కొలతల ఆఫీసు

బావమరిదికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. వేలి మీద నిలబెట్టి చూశాక నా తప్పు నాకు అర్థమైంది. ఈ సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు, నువ్వు కూడా ఎవరికీ చదివి వినిపించకు.

ఆదివారం ఉదయం రెండు రీళ్ళనూ పాత పేపరులో చుట్టి బల్ల మీద పెట్టాను. మీ అక్క ముందు కూర్చోనే లేదు. "మళ్ళీ ఎందుకండీ ఇదంతా" అంది. ఏది తేలికో చెప్పు చాలు, తర్వాత రెండూ తిరిగిచ్చేస్తానన్నాను. అది అబద్ధం కాదు. తిరిగివ్వడానికే సిద్ధపడ్డాను.

మొదటిది చిన్నది. కొస వాలింది. ఆమె ముఖం కూడా వాలింది. రెండోది నేనే బిగించి ఇచ్చాను. ఎత్తింది. కొస లేచి అలాగే నిలబడింది. కిటికీ వైపు తిప్పింది, తలుపు వైపు తిప్పింది. కుడి మోచేత్తో హ్యాండిల్ తిప్పి చూసింది.

"ఇదే తేలిక. లోపల ఏమీ లేదు, ఉత్త డొల్ల. పిల్లల బొమ్మ కొనుక్కొచ్చారా?" అంది.

కాగితాలు విప్పి రెండిట్నీ త్రాసులో పెట్టి చూపించాను. డొల్ల అన్నది దాదాపు వంద గ్రాములు ఎక్కువ తూగింది. ఆమె ముల్లు వైపు చూసింది, నా వైపు చూసింది. "మీ త్రాసు చెడిపోయింది" అంది. నా ఉద్యోగం మొత్తంలో ఈ మాట నాతో అన్నవాళ్ళు లేరు. ఆఫీసు ముద్ర చూపించాను. ముద్ర కూడా చెడిపోయిందంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, కుర్చీలో కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేలా. చెయ్యి విరిగాక ఆమె అలా నవ్వడం ఇదే. నాకు చాలా సంతోషం వేసింది. ఇలాంటివి రాసే అలవాటు నాకు లేదు, అయినా వేసింది కనక రాస్తున్నాను.

మధ్యాహ్నం గాలాలు ఊడదీసిన ఉత్తుత్తి చేపను కట్టుకుని క్వార్టర్స్ వెనక ఖాళీ జాగాలోకి వెళ్ళింది. మొదటి విసురు వెళ్ళి పైఇంటివాళ్ళు ఆరేసిన చొక్కాలో పడింది. దీపాలు పెట్టే వేళ దాకా అక్కడే ఉంది.

ఒక్క పొరపాటు జరిగింది. మాటల్లో "ఇది ఉప్పు తాగని రీలు" అన్నాను. మీ అక్క ఒక్క క్షణం నా వైపు చూసి మళ్ళీ హ్యాండిల్ తిప్పుకుంది. పట్టించుకోలేదనే అనుకుంటున్నాను.

మీ బావ


ఇంటి నుంచి,
వంటింటి బల్ల

ఒరేయ్ బుడ్డోడా,

పట్టించుకోలేదట! ఉప్పు తాగని రీలు, ఉప్పు తాగని బకెట్టు, ఉప్పు తాగని చెప్పులు, చిన్నప్పటి నుంచీ ఆ మాటతో నా చెవులకు తూట్లు పొడిచింది నువ్వు కాదురా? అది మీ బావ నోట్లోకి ఎలా వచ్చిందని అడిగాను. సంచీలోంచి నీ ఉత్తరాల కట్ట తీసి నా ముందు పెట్టాడు. ఆ మనిషికి దాచడం కూడా చేతకాదు. కార్బను పెట్టి రాసుకుంటాడట, తన ఉత్తరాల నకళ్ళు కూడా ఇచ్చాడు. అన్నీ చదివాను.

నువ్వు వచ్చి ఉంటే ఏం జరిగేదో నేను చెప్పనా? ఇద్దరం జారేవాళ్ళం. నేనెక్కడ అడుగేస్తే అక్కడ అడుగేసుకుంటూ నా వెనకే వస్తావు కదా, నడక నేర్చినప్పటి నుంచీ. అప్పుడు మీ బావ రెండు చేతులకు రెండు రీళ్ళు తూచాల్సి వచ్చేది. కాబట్టి ఆ అనుకోవడమేదో ఇక ఆపు. ఇంజను గదిలో కూర్చుని ఏడిస్తే ఇంజనుకు కూడా మంచిది కాదు.

మణికట్టు తిరగదు. ఇలా ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాను, కోడిగెలుకుడు అన్నావుగా, ఇదిగో ఈ ఉత్తరం కోడి పూర్తిగా రాసింది. రాడ్డు తలుపు వెనక్కి వచ్చేసింది. విసురు ఇప్పుడు పదిసార్లలో ఆరేడుసార్లు అనుకున్న చోటే పడుతోంది. పైఇంటావిడ బట్టలు వేరే తీగ మీద ఆరేసుకుంటోంది. చేప తగిలితే ఏమవుతుందో మాత్రం తెలియదు. చేతిలో నిజంగా బరువు గుంజినప్పుడు నేను నిలబడతానా అని భయంగానే ఉంది. ఆ రాయి వైపు మళ్ళీ వెళ్ళాలన్నా భయమే. ఇది మీ బావకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

సీజనుకు వెళ్తున్నాను. నువ్వు రా.

ఒక్క సంగతి. నువ్వు కూడా చెయ్యి మార్చావట. అది రెండుసార్లు చదివాను రా. కానీ నీ హ్యాండిల్ విప్పి మళ్ళీ ఎడమవైపే బిగించుకో. ఇద్దరం చేతకానివాళ్ళమైతే లాభం చేపకే. ఇన్నేళ్ళూ నా చేపను నేనే ఎత్తుకున్నాను, నిన్ను మోచేత్తో తోసేశాను. ఇప్పుడు రెండు చేతులూ రీలుకే సరిపోతాయి, వల పట్టడానికి నాకు ఇంకో చెయ్యి లేదు.

అందుకని నీ కుడిచెయ్యి జాగ్రత్తగా పెట్టుకుని రా. వల నువ్వు పట్టాలి.

అక్క